కిడ్నీ జబ్బు: ఒకరికి వస్తే ఇంటిల్లిపాదీ చూపించుకోవాలి



మదనపల్లె కానీ, పుంగనూరు కానీ, కుప్పం కానీ, మన పడమటి మండలాల్లో ఏ ఇంట్లో కిడ్నీ జబ్బు బయటపడినా ఆ ఇంటివాళ్ల నోట ముందుగా వచ్చే మాట ఒకటే. "మా నాయినకు కిడ్నీలు పోయినాయి. నాకూ వస్తాదా?" తండ్రిని డయాలసిస్‌కు తీసుకుపోయే కొడుకు ఈ మాట అడుగుతాడు. అత్తగారింట్లో ఉన్న కూతురు ఫోను చేసి అడుగుతుంది. పెళ్లి సంబంధం మాట్లాడే చోట పెద్దవాళ్లు గొంతు తగ్గించి అడుగుతారు. ఈ పూట ఆ ప్రశ్నకే నిదానంగా జవాబు చెప్పుకుందాం.

ముందు క్లుప్తంగా చెబుతాను. కొన్ని కిడ్నీ జబ్బులు నేరుగా తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తాయి. అవి తక్కువ. ఎక్కువ మందికి కిడ్నీలు పోయేది షుగరు వల్ల, బీపీ వల్ల. షుగరూ బీపీ కూడా ఇంటింటి ఆస్తిలాగా తరం నుంచి తరానికి సాగేవే. కాకపోతే వాటిని అదుపులో పెట్టుకునే వీలు మన చేతుల్లో ఉంది. కాబట్టి ఇంట్లో ఒకరికి కిడ్నీ జబ్బు తేలిందంటే, ఆ రిపోర్టు మిగతా వాళ్లందరికీ అందిన హెచ్చరిక అనుకోవాలి. రోగికి వైద్యం మొదలుపెట్టిన నెలలోనే తోబుట్టువులకూ పిల్లలకూ పరీక్షలు జరగాలి. నేను ఈ పూట చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

ఈ పద్ధతి మన నేలకు కొత్త కాదు. మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరం పేరు వినని వాళ్లు ఈ చుట్టుపక్కల లేరు. క్షయ వైద్యానికి దేశమంతా పేరుపడిన శానటోరియం అది. 1950 నుంచి 1955 వరకు అక్కడి వైద్యులు డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో మదనపల్లె చుట్టుపక్కల జనాన్ని ఊరూరా పరీక్షించి, క్షయ ఎవరిలో దాగి ఉందో వెతికారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో 1960లో ఆ అధ్యయనం అచ్చయింది. రోగి ఆసుపత్రికి వచ్చేదాకా కూర్చోకుండా, జబ్బు ముదరకముందే ఇంటికి పోయి పట్టుకోవాలన్నది ఆ డాక్టర్లు చూపిన దారి. కిడ్నీ జబ్బు క్షయలాగా అంటుకునేది కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా రాదు. అయినా ఇంటిల్లిపాదినీ చూడాలన్న ఆ పద్ధతి దీనికీ సరిగ్గా సరిపోతుంది. ఎందుకో చూద్దాం.

వీపు వైపు, నడుముకు కాస్త పైన, వెన్నెముకకు అటొకటి ఇటొకటి ఉంటాయి కిడ్నీలు. ఒక్కొక్కటీ మన పిడికిలంత. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల సన్నని జల్లెడలుంటాయి. వాటినే నెఫ్రాన్లు అంటారు. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, పనికొచ్చేదంతా మళ్లీ రక్తంలోకి పంపి, లీటరున్నర రెండు లీటర్లు మాత్రం మూత్రంగా బయటికి వదులుతాయి. మనం ఎన్ని నెఫ్రాన్లతో పుడతామో అన్నే. పుట్టాక కొత్తవి రావు. కొన్ని పోతే మిగిలినవి వాటి పని కూడా నెత్తినేసుకుంటాయి. అందువల్లే సగానికి సగం పాడైనా మనిషికి ఏ బాధా తెలియదు. కాళ్లు ఉబ్బడం, పొద్దున లేచేసరికి కళ్ల కింద వాపు, మూత్రంలో నురగ, రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేవడం, ఆకలి చచ్చిపోవడం, ఆయాసం, ఇవన్నీ కనిపించేసరికి చాలా దూరం వచ్చేసి ఉంటాం. లక్షణాల కోసం కాచుకుని కూర్చుంటే ఆలస్యమైపోతుంది.

ఇక వంశంలో వచ్చే వాటి సంగతి. వీటిలో ఎక్కువగా కనిపించేది నీటితిత్తుల జబ్బు. డాక్టర్లు పాలిసిస్టిక్ కిడ్నీ అంటారు. కిడ్నీల నిండా నీటి బుడగలు లేచి, ఏళ్లు గడిచేకొద్దీ పెరిగి, మంచి భాగాన్ని నలిపేస్తాయి. తల్లికో తండ్రికో ఈ జబ్బు ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. ఆడబిడ్డ, మగబిడ్డ అన్న తేడా లేదు. నలుగురు పిల్లలుంటే కచ్చితంగా ఇద్దరికే వస్తుందని అర్థం కాదు. నలుగురికీ రావచ్చు, ఒక్కరికీ రాకపోవచ్చు. ఒక్కొక్క బిడ్డకూ అవకాశం విడివిడిగా సగం. సాధారణంగా ముప్పై, నలభై ఏళ్ల మధ్య బీపీ పెరగడంతో ఇది తలెత్తుతుంది. కొందరికి నడుము పక్కన నొప్పి, మూత్రంలో రక్తం కనిపిస్తాయి. ఈ జబ్బున్నవాళ్లలో సుమారు సగం మందికి 60 ఏళ్లు వచ్చేసరికి కిడ్నీలు పనిచేయడం మానేస్తాయి. మిగతా సగం మంది ఆ వయసు దాటినా డయాలసిస్ లేకుండానే ఉంటారు. బీపీని మొదటి నుంచీ అదుపులో పెట్టుకోవడం ఇక్కడ చాలా పెద్ద తేడా తెస్తుంది.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద ఖర్చు లేదు. కడుపు స్కానింగు చాలు. అయితే ఒక జాగ్రత్త. ఇరవై ఏళ్లకు తీసిన స్కానింగులో బుడగలు లేవని ఇక రాదనుకోకూడదు. నలభై దాటాక కూడా స్కానింగు శుభ్రంగా ఉంటేనే ఆ భయం దాదాపు తీరినట్టు. అంతవరకు ఏడాదికోసారి బీపీ చూపించుకుంటూ ఉండాలి. ఇలాంటి ఇళ్లల్లో ఎవరికైనా ముందెన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వస్తే, మాత్ర వేసుకుని పడుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఈ జబ్బున్న కొందరికి మెదడులోని రక్తనాళం ఉబ్బి చిట్లే ప్రమాదం ఉంది.

రెండోది ఆల్‌పోర్ట్ జబ్బు. సెసిల్ ఆల్‌పోర్ట్ అనే వైద్యుడు 1927లో దీన్ని వివరించాడు. ఎక్కువగా తల్లి ద్వారా కొడుకులకు వస్తుంది. మూత్రంలో కంటికి కనిపించనంత రక్తం పోతుంటుంది. పదేళ్లు దాటాక మెల్లగా చెవుడు మొదలవుతుంది. కిడ్నీలు చిన్న వయసులోనే దెబ్బతింటాయి. మేనమామకు చెవుడూ కిడ్నీ జబ్బూ రెండూ ఉంటే, ఆయన అక్కచెల్లెళ్ల కొడుకులకు మూత్ర పరీక్ష తప్పకుండా చేయించాలి. ఆ అక్కచెల్లెళ్లకూ చేయించాలి. వాళ్లలో జబ్బు నెమ్మదిగా ఉంటుంది కానీ అసలు ఉండదనుకోకూడదు.

మూడోది మేనరికాల సంగతి. దీన్ని ఎవరినీ నొప్పించకుండా, అలాగని దాచకుండా చెప్పాలి. అక్క కూతురిని చేసుకోవడం, మేనత్త కొడుక్కి పిల్లనివ్వడం మన వైపు తరతరాల అలవాటు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో సుమారు నాలుగింట ఒక పెళ్లి రక్తసంబంధీకుల మధ్య జరిగిందే. మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో నాలుగో వంతు ఉమ్మడి. మేనబావకూ మేనమరదలికీ ఎనిమిదో వంతు ఉమ్మడి. కొన్ని జబ్బులు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా లోపం వచ్చి కలిస్తేనే బయటపడతాయి. తల్లిదండ్రులిద్దరూ గుండ్రాయిలా ఉంటారు. బిడ్డకు మాత్రం జబ్బు. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. పసిపిల్లల్లో వచ్చే నీటితిత్తుల జబ్బు, నెఫ్రోనోఫ్తైసిస్, సిస్టినోసిస్, పుట్టుకతో ఆక్సలేటు ఎక్కువగా తయారయ్యే జబ్బు ఇలాంటివే.

మేనరికం చేసుకున్న వాళ్ల బిడ్డల్లో ఎక్కువ మంది ఆరోగ్యంగానే పుడతారు. కాబట్టి చేసుకున్నవాళ్లు భయపడి కూర్చోనక్కర్లేదు. బిడ్డను గమనించుకుంటే చాలు. విపరీతమైన దాహం, ఎప్పుడూ మూత్రం, ఈడు పిల్లలతో సమానంగా ఎదగకపోవడం, కాళ్లు దొడ్డికాళ్లు కావడం, ఐదారేళ్లకే కిడ్నీలో రాళ్లు, వీటిలో ఏది కనిపించినా పిల్లల డాక్టరుకు చూపించి, కిడ్నీ పరీక్షలు చేయమని అడగండి. ఒక బిడ్డకు అలాంటి జబ్బు తేలితే, తర్వాతి కాన్పుకు ముందే జన్యు సలహా తీసుకోవాలి. హైదరాబాదులో నిమ్స్, సీడీఎఫ్‌డీ సంస్థలు ఈ పని చేస్తున్నాయి. కుటుంబంలో ఇలాంటి చరిత్ర ఉన్నప్పుడు మళ్లీ అదే రక్తంలో సంబంధం కలుపుకోవడం మానుకుంటే మంచిది.

పిల్లల గురించే ఇంకో మాట. మగబిడ్డ మూత్రం ధారగా రాకుండా బొట్లుబొట్లుగా వస్తున్నా, ముక్కి ముక్కి పోస్తున్నా, ఏ బిడ్డకైనా కారణం తెలియని జ్వరం పదేపదే వస్తున్నా మూత్రనాళంలో అడ్డంకి ఉందేమో, మూత్రం వెనక్కి ఎగదన్నుతోందేమో చూడాలి. మూత్రం వెనక్కి పోయే లోపం అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్లలో కూడా కనిపిస్తుంది. పెద్ద బిడ్డకు ఉంటే చిన్న బిడ్డనూ చూపించండి. వేళకు సరిచేస్తే ఆ కిడ్నీలను చాలావరకు కాపాడుకోవచ్చు.

ఇప్పుడు అసలు పెద్ద భాగానికి వద్దాం. షుగరున్న పది మందిలో ముగ్గురు నలుగురికి ఎప్పుడో ఒకప్పుడు కిడ్నీలు దెబ్బతింటాయి. షుగరు ఒక ఇంట్లో ఎలా సాగుతుందో మనందరికీ తెలుసు. అవ్వకు ఉంటుంది, నాయినకు వస్తుంది, ముప్పై ఐదేళ్లకే కొడుక్కి మొదలవుతుంది. షుగరు వల్ల అన్నకు కిడ్నీ దెబ్బతిని ఉంటే, షుగరున్న తమ్ముడికి ఆ ముప్పు మామూలు కంటే ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. అంటే ఆ తమ్ముడు మిగతా వాళ్లకంటే ఇంకాస్త గట్టిగా షుగరును పట్టుకోవాలి.

ఇదంతా రక్తంలోనే ఉందా అంటే, కాదు. నెదర్లాండ్స్ ఉత్తర ప్రాంతంలో లక్షన్నర మందికి పైగా జనాన్ని పరిశీలించి 2021లో ఒక అధ్యయనం ప్రచురించారు. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో ఒకరికి కిడ్నీ జబ్బు ఉంటే మనకు వచ్చే అవకాశం సుమారు మూడు రెట్లని తేలింది. ఇది ఊహించిందే. భార్యకు ఉంటే భర్తకు, భర్తకు ఉంటే భార్యకు కూడా ఆ అవకాశం ఒకటిన్నర రెట్లని అదే అధ్యయనం చెప్పింది. వాళ్లిద్దరికీ రక్తసంబంధం లేదు. కలిసి తినే తిండి, తాగే నీళ్లు, వేసే ఉప్పు, కూర్చునే తీరు మాత్రం ఒకటే. ఇంటి అలవాట్లు కూడా జబ్బును మోసుకొస్తాయనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అత్తకు జబ్బు తేలితే కోడలూ పరీక్ష చేయించుకోవాలని నేను అనేది ఇందుకే.

మన రాష్ట్రంలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు కొబ్బరి, జీడితోటల్లో కష్టం చేసుకునే జనంలో 1990ల నుంచి కిడ్నీ జబ్బులు గుట్టలుగా బయటపడ్డాయి. 2019లో వెలువడిన ఒక సర్వేలో రెండు వేల మందికి పైగా పరీక్షిస్తే సుమారు 18 శాతం మందిలో కిడ్నీ జబ్బు కనిపించింది. వాళ్లలో దాదాపు ముప్పాతిక వంతు మందికి షుగరు లాంటి తెలిసిన కారణమే లేదు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు. ఇది వంశంలో వచ్చిందా, నీళ్లలో వచ్చిందా? నీళ్లు, ఎండలో చాకిరీ, ఇసుకధూళి, పురుగుమందులు, జన్యువులు, అన్నిటినీ శాస్త్రవేత్తలు వెతికారు. ఏ ఒక్కదాన్నీ పూర్తి కారణంగా నిలబెట్టలేకపోయారు. శ్రీలంకలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇదే కథ. కారణం తేలేదాకా ఆగకుండా హిరమండలం నుంచి మంచినీళ్ల పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. ఒక ప్రాంతం ఏళ్ల తరబడి గొంతు చించుకుంటే వచ్చిన ఫలితం అది.

మన పడమటి మండలాలను ఉద్దానంతో పోల్చి బెదిరిపోనక్కర్లేదు. కానీ ఉద్దానం నేర్పిన జాగ్రత్తలు మనకూ వర్తిస్తాయి. టమోటా తోటల్లో మిట్టమధ్యాహ్నం కాయలు కోసేవాళ్లు, మార్కెట్టులో క్రేట్లు మోసే హమాలీలు, కుప్పం వైపు గ్రానైటు క్వారీల్లో రాయి కోసేవాళ్లు గంటల తరబడి నీళ్లు తాగకుండా చెమటోడుస్తారు. ఒళ్లు పదేపదే ఎండిపోతే కిడ్నీకి దెబ్బ. రాతిపొడిలోని సిలికా ఊపిరితిత్తులకే కాదు, కిడ్నీలకూ చెరుపు. పనికి పోయేటప్పుడు నీళ్ల క్యాను వెంట ఉండాలి, ముక్కుకు గుడ్డ ఉండాలి, నీడలో కాసేపు కూర్చునే వెసులుబాటు మేస్త్రీ ఇవ్వాలి. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీళ్లు చాలుతున్నట్టు. చిక్కగా, ముదురు రంగులో ఉంటే చాలడం లేదన్నమాట.

లోతు బోర్ల మీద ఆధారపడ్డ ఊళ్లు మనకు ఎన్నో. రాయలసీమ బోరు నీళ్లలో చాలా చోట్ల ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలని ప్రమాణం. ఫ్లోరైడును బయటికి పంపే పని కిడ్నీలదే కాబట్టి, కిడ్నీ బలహీనపడ్డ మనిషి ఒంట్లో అది పేరుకుపోతుంది. మీ ఊరి బోరు నీళ్లను గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ల చేత పరీక్ష చేయించండి. అది పంచాయతీలో అడిగి చేయించుకోవాల్సిన పని.

ఇక ఒళ్లునొప్పుల మాత్రలు. నా దృష్టిలో మన పల్లెల్లో కిడ్నీకి ఇంత శత్రువు ఇంకొకటి లేదు. పొద్దంతా కలుపు తీసి, సాయంత్రం మెడికల్ షాపులో ఒక మాత్ర అడిగి వేసుకోవడం, వారానికోసారి సూది వేయించుకోవడం మామూలైపోయింది. డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి కిడ్నీకి పోయే రక్తాన్ని తగ్గిస్తాయి. ఒకటి రెండు రోజులు డాక్టరు చెప్పి వాడితే అది వేరు. నెలల తరబడి, అందులోనూ ఎండలో ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు, షుగరో బీపీయో ఉన్నప్పుడు వాడితే కిడ్నీలు చేజేతులా పోగొట్టుకున్నట్టే. మాత్ర కొనేముందు "ఇది కిడ్నీకి పడుతుందా?" అని అడగండి.

పాదరసం, సీసం కలిసిన భస్మాలు, పేరూ ఊరూ లేని పొడులు కూడా అంతే. కేరళలోని మలప్పురం జిల్లాలో 2023లో ముఖం తెల్లబడే క్రీములు వాడిన కొందరికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ క్రీముల్లో పాదరసం ఉంది. పాముకాటు సంగతీ అంతే. పొలంలో రక్తపింజరి కరిస్తే ఆ విషం నేరుగా కిడ్నీల మీద పనిచేస్తుంది. మంత్రాలకూ పసర్లకూ గంటలు పోగొట్టకుండా ఆసుపత్రికి చేరిస్తే, విషానికి విరుగుడు సూదితో మనిషీ, కిడ్నీలూ దక్కే అవకాశం ఎక్కువ.

ఇప్పుడు పరీక్షల సంగతి. మూడు పనులు చాలు. ఒకటి, బీపీ చూపించుకోవడం. రెండు, మూత్రంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు పోతోందేమో చూసే పరీక్ష. మూడు, రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం ఎంతుందో చూసే పరీక్ష. మూత్ర పరీక్ష ఎంత తేలికో చెబుతాను. చిన్న సీసాలో పట్టిన మూత్రంలో ఒక సన్నని కాగితపు పట్టీ ముంచి తీస్తారు. దాని మీద పసుపుపచ్చని చదరం ఒకటి ఉంటుంది. నిమిషం ఆగి, డబ్బా మీద అచ్చు వేసిన రంగుల పక్కన పెట్టి చూస్తారు. పసుపు అలాగే ఉంటే మంచిది. ఆకుపచ్చకు తిరిగితే మాంసకృత్తులు పోతున్నట్టు. ఎంత పచ్చగా మారితే అంత ఎక్కువ. షుగరున్నవాళ్లు దీనితో ఆగకూడదు. ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి అనే పరీక్ష అడగాలి. అది 30 దాటితే కిడ్నీ మొర పెట్టుకుంటోందని అర్థం. ఈ దశలో పట్టుకుంటే చాలామందిలో నష్టాన్ని ఆపగలం.

క్రియాటినిన్ విషయంలో ఒక పొరపాటు జరుగుతుంటుంది. అంకె మామూలుగా ఉందని నిశ్చింతగా ఇంటికి పోతారు. సన్నగా ఉన్న ఆడమనిషికి, కండలున్న మగమనిషికి ఒకే అంకె ఒకే అర్థం ఇవ్వదు. వయసు, స్త్రీపురుష తేడా లెక్కలో వేసి కిడ్నీ ఎంత శాతం పనిచేస్తోందో చెప్పే జీఎఫ్ఆర్ అంకెను డాక్టరును అడిగి తెలుసుకోండి. అది మూడు నెలల పాటు 60 కంటే తక్కువ ఉంటే కిడ్నీ జబ్బు ఉన్నట్టు. 15 కంటే దిగితే డయాలసిస్, కిడ్నీ మార్పిడి గురించి మాట్లాడే దశ.

ఎవరు చేయించుకోవాలి? ఇంట్లో కిడ్నీ జబ్బున్న వాళ్ల తోబుట్టువులు, పిల్లలు, తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి. షుగరున్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు ఏడాదికోసారి తప్పకుండా. బరువు తక్కువగా పుట్టినవాళ్లు, ఎందుకంటే వాళ్ల కిడ్నీల్లో నెఫ్రాన్లు పుట్టుకతోనే తక్కువ. కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగిన తల్లులు. కిడ్నీలో రాళ్లు పదేపదే వచ్చేవాళ్లు. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు చూడడం పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. మీ ఊరి ఆశా కార్యకర్తను, ఏఎన్‌ఎంను అడగండి. మరిన్ని పరీక్షలకు మదనపల్లె ప్రభుత్వ ఆసుపత్రి, కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి, తిరుపతిలో స్విమ్స్ ఉన్నాయి.

ఇంటి వంట గురించి కూడా చెప్పాలి. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దాన్ని మన ఇంట్లో కొలుచుకునే దారి ఒకటుంది. ఐదుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో రోజుకు 25 గ్రాములు, నెలకు 750 గ్రాములు. అంటే కిలో ఉప్పు ప్యాకెట్టు నలభై రోజులు రావాలి. ఊరగాయలకూ అప్పడాలకూ వాడిన ఉప్పు కూడా అందులోనే. ప్యాకెట్టు విప్పిన తేదీ దాని మీద రాసి పెట్టండి. ఇరవై రోజులకే అయిపోతుంటే మీ ఇంట్లో ప్రతి ఒక్కరూ తినాల్సినదానికి రెట్టింపు తింటున్నట్టు. మన రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి బంగారంలాంటి తిండి. సంగటిలో ఉప్పు వేయకండి, ఊరిబిండిలో ఉప్పు సగం తగ్గించండి. చప్పగా అనిపించేది పది పదిహేను రోజులే. తర్వాత నాలుక అలవాటు పడుతుంది. మజ్జిగలో, పెరుగన్నంలో విడిగా ఉప్పు కలుపుకోవడం, భోజనం దగ్గర ఉప్పు గిన్నె పెట్టుకోవడం ఈ పూట నుంచే మానేయండి.

ఇందాక టమోటా తోటల మాట వచ్చింది కాబట్టి టమోటా గురించీ చెబుతాను. టమోటా గింజలు తింటే కిడ్నీలో రాళ్లు వస్తాయని టమోటా పండే మదనపల్లెలోనే అనుకుంటారు. టమోటాలో రాళ్లకు కారణమయ్యే ఆక్సలేటు చాలా తక్కువ. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు నిశ్చింతగా తినొచ్చు. కిడ్నీ బాగా దెబ్బతిని, రక్తంలో పొటాషియం పెరిగిన రోగులు మాత్రం డాక్టరు చెప్పిన మేరకు తగ్గించుకోవాలి. రోగికి రాసిన పథ్యాన్ని ఇంట్లో అందరికీ పెట్టకండి. అందరికీ తగ్గాల్సింది ఉప్పు, పంచదార, నూనె, బీడీ, సిగరెట్, సారాయి.

జబ్బు తేలినా దారులు మూసుకుపోలేదు. బీపీని 130/80 లోపు ఉంచడం, షుగరు మూడు నెలల సగటును డాక్టరు చెప్పిన గీత లోపల ఉంచడం మొదటి మందు. మూత్రంలో ఆల్బుమిన్ పోకుండా కాపాడే రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటి మాత్రలు ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. ఇటీవలి మందుల్లో డపాగ్లిఫ్లోజిన్ ఒకటి. కిడ్నీ జబ్బున్నవాళ్ల మీద జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. కిడ్నీలు మరింత చెడిపోవడం, కిడ్నీ, గుండె జబ్బులతో ప్రాణం పోవడం కలిపి చూస్తే ముప్పు 39 శాతం తగ్గింది. మన దేశంలో ఇప్పుడు చాలా కంపెనీలు దాన్ని చవకగా తయారుచేస్తున్నాయి. ఇవేవీ సొంతంగా కొని మింగే మందులు కావు. డాక్టరును అడగాల్సిన మందులు.

డయాలసిస్ అవసరమైతే ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఉచితంగా జరుగుతుంది, పింఛను కూడా ఉంది. దేశంలో విజయవంతమైన తొలి కిడ్నీ మార్పిడి మన పొరుగునున్న వేలూరు సీఎంసీలోనే 1971లో జరిగింది. ఇంట్లోవాళ్లు కిడ్నీ ఇవ్వదలిస్తే వంశపు జబ్బు వాళ్లలో లేదని ముందు నిర్ధారించుకోవాలి. నీటితిత్తుల జబ్బున్న అన్నకు తమ్ముడు తొందరపడి ఇచ్చి, పదేళ్లకు తానే రోగి కాకూడదు. డబ్బిస్తే కిడ్నీ దొరుకుతుందని చెప్పే దళారీల గడప తొక్కకండి. 1994 నాటి చట్టం ప్రకారం అమ్మడం, కొనడం రెండూ నేరం. చాటుమాటు ఆపరేషన్లలో ప్రాణాలు పోతాయి.

ఇంకొక మాట మనసు విప్పి చెప్పాలి. కూతురి పెళ్లి ఆగిపోతుందని తండ్రి జబ్బును దాచేవాళ్లు మనలో ఉన్నారు. దాచితే ఆ కూతురికి పరీక్షే జరగదు. పరీక్ష జరగకపోతే ఆమె బీపీ ఎప్పుడు పెరిగిందో ఎవరికీ తెలియదు. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లే. భర్తకు భార్య ఇస్తుంది, బిడ్డకు తల్లి ఇస్తుంది. ఇవ్వడానికి ముందుకొచ్చే ఆడవాళ్లకు, వాళ్ల ఒంట్లో ఏముందో చూసుకునే హక్కు కూడా ముందే ఉండాలి. ఇంటి మగవాళ్లారా, మీ బీపీ చూపించుకునే రోజునే మీ ఇంటి ఆడవాళ్లనూ వెంట తీసుకుపోండి.

ప్రతి ఏటా మార్చి నెల రెండో గురువారం ప్రపంచ కిడ్నీ దినం. అప్పటిదాకా ఆగవద్దు. తల్లిదండ్రుల నుంచి మనకు వచ్చిన జన్యువులను మార్చుకోలేం. ఉప్పు తగ్గించడం, నొప్పి మాత్ర మానడం, బీపీ షుగరు పట్టుకోవడం, వేళకు పరీక్ష చేయించుకోవడం మాత్రం మన చేతుల్లోని పనులే. మీ ఇంట్లో, మీ దగ్గరి బంధువుల్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే, ఈ నెల దాటకముందే ఇంటిల్లిపాదీ బీపీ చూపించుకోండి, మూత్రం, క్రియాటినిన్ పరీక్షలు చేయించుకోండి. ఈ మాట మీ పక్కింటివాళ్లకూ చెప్పండి.